దారం మీద రెండు చుక్కలు

మా నాన్న సెంట్రింగ్ మేస్త్రీ. స్లాబు పోసేముందు కింద ఇనుప జాకీలు నిలబెట్టి, వాటిమీద పలకలు పరిచి, కాంక్రీటు గట్టిపడేదాకా ఆ బరువంతా మోసే ఏర్పాటు చేసేది సెంట్రింగ్ వాళ్ళే. ఇల్లు పూర్తయ్యాక వాళ్ళ పనిలో ఒక్క మేకు కూడా మిగలదు. అన్నీ ఊడదీసుకుని వెళ్ళిపోతారు.

తోటి పనివాళ్ళు నాన్నని నిటారు మేస్త్రీ అనేవారు. జాకీ వెంట్రుకవాసి ఒరిగినా ఆయన కంటికి ఆనేది. అమ్మను చూడటానికి మొదటిసారి వచ్చిన రోజున కూడా ఆమె వెనకున్న గుమ్మాన్నే చూశాడట. "గుమ్మం వంకరగా ఉంది, పిల్ల బాగానే ఉంది అన్నాడు మీ తాతతో" అని అమ్మ ఇప్పటికీ దెప్పుతుంది.

మూడేళ్ళ కిందట నాలుగో అంతస్తు మీంచి పడ్డాడు. కింద ఒక జాకీ జారింది. దాన్ని నిలబెట్టింది నాన్నే, వంకరగా నిలబెట్టాడు అని కట్టించేవాళ్ళు కాగితం మీద రాసుకున్నారు. కాదనడానికి ఆయన అప్పుడు స్పృహలో లేడు. నడుము కిందంతా చచ్చుపడింది. నేను తొమ్మిదో తరగతి మధ్యలో బడి మానేశాను. అమ్మ కింద గదిలో ఇస్త్రీ చేస్తుంది. పై గదిలో నాన్నని పక్కకి తిప్పడం, వీపు మీది పుళ్ళు తుడవడం నా పని.

ఆ కాగితం గురించి నాన్న ఎప్పుడూ నోరెత్తలేదు. కానీ ఆ తర్వాత వచ్చిన మొదటి మే నెలలో తన పనిసంచీ తెప్పించి, గోడల నిలువు చూసే ఇత్తడి తూకం గుండు తీయించి, దారంతో కిటికీ పై చువ్వకి కట్టమన్నాడు. మా కిటికీ దక్షిణానికి ఉంది. అప్పట్లో ఎదురుగా ఖాళీ స్థలం.

మే నెలలో చీకటిపడ్డాక దక్షిణాన, నేలకి బాగా దగ్గరగా, గాలిపటం మూలల్లా నాలుగు చుక్కలు కనిపిస్తాయి. అదే త్రిశంకు. ఎండకి కాంక్రీటు బీటలిస్తుందని వేసవిలో స్లాబులు సాయంత్రం మొదలుపెట్టేవారు కాబట్టి నాన్న దాన్ని ఏటా మిద్దెల మీంచి చూసేవాడు. అది తూర్పుకి ఒరిగి పైకి వస్తుంది. మెల్లగా లేచి ఒక్క కాసేపు నిటారుగా నిలబడుతుంది. మళ్ళీ పడమటికి ఒరుగుతుంది. నిలబడినప్పుడు పై చుక్క, కింది చుక్క సరిగ్గా గుండు దారం మీదికి వస్తాయి.

"గోడతో గుండుని సరిచూడకూడదే" అనేవాడు నాన్న. "గోడ మనిషి కట్టింది. అబద్ధం చెప్పగలదు."

మా పద్ధతి ఇది. నేను దారాన్ని పక్కకి లాగి పట్టుకుంటాను. నాన్న పడుకునే, వట్టి కంటితో చూసి, "ఇప్పుడు" అంటాడు. నేను దారం వదిలేస్తాను. ఊగడం ఆగాక ఆయన తల పక్కన తల ఆనించి చూస్తాను. రెండు చుక్కలూ దారం మీద ఉంటే ఆయన కన్ను నిటారుగా ఉన్నట్టు. మొదటి ఏడాది సరిగ్గా వచ్చింది. నాన్న ఇంకాస్త అన్నం పెట్టమన్నాడు. రెండో ఏడాదీ వచ్చింది.

ఈ ఏడాది ఎదుటి స్థలంలో ఇల్లు లేచింది. ఏప్రిల్‌లో ఒక స్లాబు పడింది, అది మా కిటికీకి కిందే. దానిమీద స్తంభాలు లేచాయి. స్తంభాల మధ్యనుంచి ఆకాశం ఇంకా కనిపిస్తూనే ఉంది. రెండో స్లాబుకి పలకలు పరిచారంటే ఇక ఈ కిటికీలోంచి దక్షిణం ఉండదు. నాన్న మంచం మీంచే లెక్కవేశాడు.

"పదో తారీకుకి జాకీలు నిలబెడతారు. పన్నెండుకి పలకలు. ఈలోపే చూడాలి."

త్రిశంకు నెల మొదట్లో పదింటికి కాస్త ముందు నిలబడుతుంది. రోజుకి నాలుగు నిమిషాలు ముందుకి జరుగుతుంది. నాన్న నొప్పి మాత్ర ఎనిమిదింటికి వేసుకోవాలి. అది వేసుకుంటే పావుగంటలో నిద్ర. అందుకని ఆ నెలలో మాత్ర ఆపుకుని, మంచం పట్టె గట్టిగా పట్టుకుని, అది నిలబడేదాకా ఎదురుచూసేవాడు.

"రోజుకి నాలుగు నిమిషాల నొప్పి మిగులుతోందిగా" అనేవాడు.

"చుక్కలు చూడాలని అంత ముచ్చటగా ఉంటే నన్నడగండి, పట్టపగలే చూపిస్తా" అని అమ్మ మాత్ర పట్టుకుని నిలబడేది. ఆయన నవ్వేవాడు. ఆమె కళ్ళు తుడుచుకుంటూ మెట్లు దిగేది.

కానీ ఆ నెల మబ్బు వదల్లేదు. నేను వీధి చివరిదాకా వెళ్ళి చూసొచ్చి చెప్పేదాన్ని. చీకటిపడగానే నైరుతిలో అగస్త్యుడి చుక్క రెండు రోజులు కనిపించి దిగిపోయింది. పైన మబ్బు విడిన చోట, పరిచిన అరచెయ్యిలా హస్తా నక్షత్రం కనిపించేది. హస్త నుంచి కళ్ళు నిలువుగా కిందికి దించితే త్రిశంకు ఉండాలి. అక్కడికి దించేసరికి బూడిదరంగు తెర తప్ప ఏమీ ఉండేది కాదు.

"నాన్నా, నలుగుర్ని పిలిచి నిన్ను ఎక్కడికైనా తీసుకెళ్తే?"

"ఈ మెట్లు ఏ మహానుభావుడు కట్టాడో గాని, శవాన్నైనా నిలబెట్టి దించాల్సిందే. నా వీపు ఒప్పుకోదమ్మా."

పదో తారీకుకి జాకీలు లేచాయి. లెక్క తప్పలేదు. ఆ పని చేయిస్తున్నది పొట్టి మేస్త్రీ. నాన్న దగ్గరే పని నేర్చుకున్నవాడు. మంచం కనపడేలా జాకీల మధ్యకి వచ్చి నిలబడి అరిచాడు.

"ఎలా ఉంది అన్నా? నువ్వు నేర్పిందే. ఎక్కడైనా ఒరిగితే చెప్పు, ఊడదీసి మళ్ళీ పెడతా. నీ మాటకి తిరుగులేదు."

నాన్న చాలాసేపు చూశాడు. నేను ఆయన చెవి దగ్గర వంగాను.

"ఆ మూలది వంగిందని చెప్పు నాన్నా. రెండు మూడు రోజులు ఆగుతారు. ఈలోపు మబ్బు పోతుంది."

ఆయన నావైపు తిరగలేదు. "నిటారుగా ఉన్నదాన్ని వంకరంటే, ఇంక చుక్కల్ని చూసి ఏం చేసుకోను?" అని, గొంతు పెంచి, "బాగున్నాయిరా పొట్టోడా, కానివ్వు" అన్నాడు.

పదకొండో తారీకు సాయంత్రం అమ్మకి కూడా చెప్పకుండా నేనే వెళ్ళాను. పొట్టి మేస్త్రీ చేతులు కడుక్కుంటున్నాడు. మూలనున్న జాకీ చూపించి, అది ఒరిగినట్టుంది బాబాయ్ అన్నాను. ఆయన వెంటనే గుండు తీసి పట్టాడు. దారం జాకీని ఆనుకుని కదలకుండా నిలబడింది. ఆయన ముఖం చిన్నబోయింది.

"నాన్న చూసి చెప్పాడా అమ్మాయ్?"

అవునంటే నాన్న కన్ను పోయిందనుకుంటాడు. ఆ కాగితమే నిజమనుకుంటాడు.

"నాన్న కాదు. నేనే." ఆ తర్వాత మాటలు ఏ వరసలో వచ్చాయో తెలియదు గాని, త్రిశంకు, దారం, మాత్ర, అన్నీ చెప్పేశాను.

ఆయన తడిచేతులు చొక్కాకి తుడుచుకున్నాడు. "నాలుగు రోజులు ఆపమంటే నా చేతుల్లో ఏముంది తల్లీ? పలకలు రేపే వెయ్యాలి. ఎల్లుండి మర్నాడు ఊచలు కట్టేవాళ్ళు దిగుతారు. నేను మానేస్తే ఇంకొకడు వేస్తాడు."

పన్నెండున పలకలు పరిచారు. సుత్తి దెబ్బలు పొద్దుగూకేదాకా వినిపించాయి. కిటికీలో వెలుతురు ఒక్కో పలకంత తగ్గుతూ వచ్చింది. చివరికి చూస్తే, సరిగ్గా మా గుండుకి ఎదురుగా ఒక్క పలక వెయ్యకుండా వదిలేసి ఉంది. పొట్టి మేస్త్రీ పైనుంచి మా వైపు చూసి, ఆ కంత మీద చెయ్యి ఆడించి దిగిపోయాడు. నాన్న ఆ కంతని చూసి, మళ్ళీ నన్ను చూశాడు.

"నువ్వు వెళ్ళావా?"

తలదించుకున్నాను.

"వెళ్తే వెళ్ళావులే" అన్నాడు.

పదమూడున మధ్యాహ్నం గాలీవానా వచ్చి, సాయంత్రానికి ఆకాశం కడిగినట్టయింది. ఎనిమిదిన్నరకి వీధి చివర చూశాను. నాలుగు చుక్కలూ ఉన్నాయి, కాస్త తూర్పుకి ఒరిగి. ఎడమపక్కన, వెనకే వస్తున్న రెండు పెద్ద చుక్కలు. పరుగెత్తుకొచ్చాను. అమ్మ మాత్ర కొంగున ముడివేసుకుని మంచం కాళ్ళ దగ్గర కూర్చుంది. నేను దారం పట్టుకున్నాను.

తొమ్మిది దాటాక కంతలోకి ఒక చుక్క వచ్చింది. పై చుక్క. నేను కింది చుక్క కోసం చూస్తున్నాను.

అది రాలేదు.

నాన్నకి నాకంటే ముందే అర్థమైంది. "నిలబడి చూసేవాడికి ఒక పలక చాలు" అన్నాడు నెమ్మదిగా. "కింద పడుకుని ఏటవాలుగా చూసేవాడికి వరస మొత్తం తియ్యాలి. పాపం, వాడు నిలబడి ఆలోచించాడు."

"దారం వదలనా నాన్నా?"

"వద్దు. ఒక్క చుక్కతో ఏదైనా నిటారే."

చుక్క కంత దాటి పలక వెనక్కి పోయింది. అమ్మ ముడి విప్పి మాత్ర ఇచ్చింది. నీళ్ళు నేను పట్టాను. వీధి చివరికి వెళ్తే త్రిశంకు ఇంకా అక్కడే నిలబడి ఉంటుంది. నేను వెళ్ళలేదు.

మర్నాడు పొద్దున్నే పొట్టి మేస్త్రీ మిగిలిన పలక చంకన పెట్టుకుని ఎదురుగా నిలబడ్డాడు. ముఖం వెలిగిపోతోంది.

"అన్నా, కనిపించిందా?"

ఆ పొద్దున నీరసానికి నాన్న గొంతు అంతదూరం పోలేదు. నా చెయ్యి నొక్కాడు.

"కనిపించిందని చెప్పు."

నేను ఆయన్ని చూశాను.

"చెప్పమ్మా. నిటారుగా ఉందని చెప్పు."

కిటికీ చువ్వలు పట్టుకుని, వీధిలోవాళ్ళు తలెత్తి చూసేంత గట్టిగా అరిచాను. పొట్టి మేస్త్రీ చెయ్యెత్తి నవ్వి, పలక పెట్టి మేకులు కొట్టడం మొదలెట్టాడు. నాన్న కళ్ళు మూసుకుని వింటున్నాడు.

"రెండే కొట్టాడు" అన్నాడు. "మూడోది కూడా కొట్టమను."