గుట్ట మీది చార్జింగ్ దుకాణం

ఇది రాయకుండానే ఊరుకుందామనుకున్నాను. పోయిన నెల ఒక ఉదయం నాకు బ్యాటరీ పని నేర్పిన మా ఉస్తాద్ చిన్నకూతురు ఫోన్ చేసి, "బాబాయ్, నాన్న పోయిండు. చాయ్ తాగిండు, గ్లాసు కింద వెట్టిండు, గంతే" అని చెప్పింది. ఎనభై ఏడేళ్ల మనిషి. మంచాన పడలేదు, ఎవరి చేతా చేయించుకోలేదు. ఇలాంటి చావుకు ఏడవడానికేముంది, రాయడానికి మాత్రం ఏముంది అనుకున్నాను. జల్‌పల్లి నుంచి కిషన్‌బాగ్ వెళ్లి, పిడికెడు మట్టి వేసి, ఇంటికొచ్చి అన్నం తిని నడుం వాల్చాను.

నిద్ర పట్టనివ్వనిది పాస్టరు గారి మాట. సమాధి దగ్గర ఆయన, "చీకటిలో ఉన్న వందల కొండపల్లెలకు వెలుగు మోసుకెళ్లిన మహానుభావుడు" అన్నాడు. మంచివాడే, ఈ మధ్యే వచ్చాడు, ఎవరో చెప్పింది నమ్మాడు. మా ఉస్తాద్ పెట్టెలో ఉన్నాడు గనక సరిపోయింది. బయట ఉంటే అక్కడికక్కడే "ఎన్ని వందలు పాస్టర్ గారూ? జర లెక్క చెప్పున్రి" అని అడిగేవాడు. నేను ఆయన వెంట ఉన్నవాణ్ని. మొదట వెళ్లింది ఒక్క గూడేనికి. అక్కడ మేం పెట్టిన సోలార్ దీపాలు తొలి చలికాలానికే చేతులెత్తేశాయి. ఆయన్ని తలుచుకోవాలంటే ఆ చలికాలం నుంచి తలుచుకోవాలి. అది చూసినవాళ్లలో ఈ ఊళ్లో నేనే మిగిలాను కాబట్టి, బద్ధకం వదిలించుకుని కూర్చున్నాను.

మాది తాతల నాటి నుంచీ పాల వ్యాపారం. బర్రెలకూ నాకూ పడేది కాదు. నేను పేపరు చదువుతూ పితుకుతానని వాటికి కోపం. బడి ఎనిమిదితోనే ఆగిపోయినా చదవడం మాత్రం ఆగలేదు. పొట్లం కట్టిన కాగితం కూడా విప్పి చదివేవాణ్ని. పెళ్లయి ఇద్దరు పిల్లలు పుట్టాక, ఇరవై తొమ్మిదేళ్ల వయసులో, పాలు తమ్ముడికి అప్పగించి ఉస్తాద్ దుకాణంలో చేరాను. చార్మినార్ వెనక గాజుల దుకాణాల సందులో ఉండేది. స్కూటర్ల బ్యాటరీలు, జీపు బ్యాటరీలు, పెళ్లి బారాత్‌లలో బ్యాండువాళ్లు వాడే లైట్ల బ్యాటరీలు పొద్దున తెచ్చి పడేసేవాళ్లు, సాయంత్రం తీసుకుపోయేవాళ్లు. ఏది ఎవరిదో తెలియడానికి ఒక్కోదాని మీద ఒక్కో గుర్తు వేసేవాళ్లం. గోడ పొడవునా వరసగా పెట్టి చార్జింగ్ ఎక్కించడమే పని. యాసిడ్ చుక్కలు పడి మా చొక్కాలన్నీ కడుపు దగ్గర జల్లెడలే. ఆదివారం ప్రార్థనకు వెళ్లే చొక్కా ఒక్కటే ఉస్తాద్‌కు సాపుగా ఉండేది. అది వేసుకుని దుకాణం ముందు నుంచి పోవాలన్నా భయపడేవాడు.

ఆయనకొక అలవాటు. చార్జింగ్ మీద ఉన్న బ్యాటరీ దగ్గర వంగి చెవి పెట్టేవాడు. నిండిన బ్యాటరీ లోపల సన్నగా బుడబుడమంటుంది. ఆయన వింటుంటే ఎవరైనా మాట్లాడితే చెయ్యెత్తి ఆపేవాడు. "బ్యాటరీ అబద్ధం చెప్పది పాలాయనా. మనకే అడుగుడు రాదు" అనేవాడు. ఎన్నేళ్లు పనిచేసినా నేను ఆయనకు పాలాయననే.

ఎనభైల మొదట్లో ఒక సర్కారీ ఇంజనీరు, తన జీపు బ్యాటరీ కోసం వచ్చేవాడు, ఒకనాడు ఈ పని పట్టుకొచ్చాడు. ఆదిలాబాద్ గుట్టల్లో కరెంటు స్తంభం ఎక్కలేని గూడేలున్నాయి. సూర్యుడి ఎండతో బ్యాటరీ నింపే పలకలు వచ్చాయి. ఇంటికొక పలక, ఒక బ్యాటరీ, చెయ్యి పొడవు ట్యూబ్‌లైటు. పలకలైతే వచ్చాయిగానీ బ్యాటరీ సంగతి తెలిసినవాళ్లు ఆఫీసులో లేరు. ఉస్తాద్ ఒప్పుకున్నాడు. ముందు దుకాణం పైన, మా దాబా మీద పెట్టి చూశాం. పక్క గాజుల భాయ్ నిచ్చెనెక్కి వచ్చి, "ఏంది ఉస్తాద్, అద్దాల దుకాణం వెడ్తున్నవా? మొహం గూడ సక్కగ కనవడ్తలేదు గిండ్ల" అన్నాడు.

"నీ మొహం గిండ్ల ఎందుకు భాయ్, ఇంట్ల సూస్తలేరా?" అన్నాడు ఉస్తాద్.

మూడు రోజులు చూశాం. దీపం ప్రతిరోజూ ఆరు గంటలు వెలిగింది. దాబా మీద పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఎండే కదా. పలకలతో వచ్చిన కాగితంలో రాసినట్టు పలక ముఖం దక్షిణానికి పెట్టాం. మండుటెండల్లో మొదటి గూడేనికి వెళ్లి పన్నెండు ఇళ్ల మీద అలాగే పెట్టి వచ్చాం. బస్సు కండక్టరు యాసిడ్ బ్యాటరీలు ఎక్కించనంటే ఉస్తాద్ వాటికి కూడా టికెట్లు కొంటానన్నాడు, ఆ లొల్లి వేరే కథ. వచ్చేటప్పుడు గూడెం పెద్ద చెయ్యి పట్టుకుని, "రాత్రి పండుకునేదాంక వెల్గుతది. నాది మాట" అన్నాడు ఉస్తాద్.

చలికాలంలో ఉత్తరం వచ్చింది. ఆ గూడేనికి వెళ్లి చదువు చెప్పే పంతులు రాసిన కార్డు. "మీ దీపాలు మాకు వద్దు. వచ్చి తీసుకుపోగలరు." ఇంజనీరు కూడా అదే రోజు వచ్చాడు. మొదటి గూడెమే వద్దన్నాక పై గూడేలకు దీపాలు ఇవ్వరట. సామాను దింపుకురావడానికి జీపు పంపిస్తారట.

"జీపు ఆపు సార్, వారం" అన్నాడు ఉస్తాద్. "మాటిచ్చినోణ్ని నేను. ముందు నన్ను పోనీ."

మేం వెళ్లేసరికి మధ్యాహ్నమైంది. గూడెం పెద్ద మంచం వాల్చాడు, నీళ్లిచ్చాడు. నేను మాత్రం దిగీదిగగానే అన్నాను, "బ్యాటరీల వాగు నీళ్లు పోసిన్రా ఏంది?" అని. ఆయన లేచి లోపలికి పోయి బ్యాటరీలో పోయడానికి మేమిచ్చిన డిస్టిల్డ్ వాటర్ సీసా తెచ్చాడు. మూత మీద గుడ్డ చుట్టి, చీమ దూరకుండా కట్టి ఉంది. మా దుకాణంలో కూడా అంత శుభ్రంగా ఉండేది కాదు. ఉస్తాద్ నావైపు చూశాడు. నేను మంచం నులక లెక్కపెట్టాను.

అప్పుడొచ్చింది మంత్రసాని. ఆ గూడేనికీ, పైనున్న గూడేలకూ పురుళ్లు పోసే ముసలామె. మేం అక్కడున్నన్ని రోజులూ కూర్చుని మాట్లాడగా నేను చూడలేదు.

"నువ్వేనా పట్నపాయనవు?" అంది ఉస్తాద్‌ను.

"నేనే అవ్వా."

"నా కోడలు నొప్పులు వడ్తాంటె నీ దీపం నడిమిట్ల పోయింది. కట్టెపుల్ల ముట్టిచ్చి బొడ్డు కోసిన. ఆ పోరి బతికింది, పిల్ల బతికింది. నా చెయ్యి మంచిది గనక. మా బుడ్డిదీపంల నూనె అయిపోవట్టినట్టు కండ్లకు కనవడ్తది. ముందుగాల్నే పోసుకుంట. నీది చెప్పకుంట పోయింది. చెప్పకుంట పోయేటోనితోని ఎట్ల ఏగుడు?"

ఉస్తాద్ మంచం మీంచి లేచాడు. బ్యాటరీల దగ్గర వంగి చెవి పెట్టాడు, మూతలు తీసి చూశాడు. నన్ను పక్కకు పిలిచి, "రోగం లేదు. ఆకలితోటి ఉన్నయి" అన్నాడు.

మర్నాడు తెల్లవారక ముందే గూడెం పెద్ద ఇంటి ముందు గోనెసంచి పరుచుకుని కూర్చున్నాడు. పక్కన బూడిద గిన్నె. గూడేనికి దక్షిణాన పెద్ద గుట్ట. దాని నీడ ఇంటి కప్పు మీద ఉంది. ఎండ ఎంతసేపటికీ రాలేదు. ఊళ్లో పిల్లలంతా చుట్టూ చేరి ఈ పట్నపాయన దేనికోసం కూర్చున్నాడా అని ఆయన్ని చూస్తున్నారు. బాగా పొద్దెక్కాక ఎండ పలక మీద పడింది, ఇంటి కప్పు నీడ అంచున నేల మీద బూడిదతో గీత గీశాడు. పశువులు ఇంకా మేతలోనే ఉన్నాయి, గుట్ట నీడ మళ్లీ వచ్చి పలకను కప్పేసింది. ఇంకో గీత. రెండు గీతల మధ్య నాలుగడుగులు కూడా లేవు, పలకకు దొరికే ఎండ అంతే. ఎండాకాలంలో సూర్యుడు నడినెత్తిన పోతాడు, గుట్ట అడ్డం రాలేదు. చలికాలంలో దక్షిణానికి వంగి గుట్ట చాటున నడుస్తున్నాడు. చార్మినార్ సందులో మా దాబాకు గుట్టలు లేవు. ఉన్నవి మినార్లు నాలుగు, అవీ నీడ పడనంత దూరంగా.

సాయంత్రం అందరూ కూడారు. నేను ఆయన చెవిలో, "కాయితంల దక్షిణం అనే రాసిన్రు ఉస్తాద్. కాయితం మీద తోసెయ్" అన్నాను.

"కాయితం ఈడికొచ్చిందా? నేనొచ్చిన" అన్నాడు. లేచి నిలబడ్డాడు. "తప్పు మీది కాదు. దీపంది గూడ కాదు. నాది. పట్నంల దాబా మీద సూసి ఈడ గుట్ట కింద వెట్టిన. నాకు రెండు దినాలియ్యుండ్రి. గప్పటికీ వద్దంటె నేనే నెత్తిన వెట్టుకోని దింపుకపోత."

పాతబస్తీలో ఎందరో ఉస్తాద్‌లను చూశాను. పని చెడితే సామాను మీదనో, కస్టమర్ మీదనో, చివరికి నా మీదనో పెట్టేవాళ్లే. పదిమందిలో నిలబడి నాది అన్నవాణ్ని ఈయన్నే చూశాను.

గూడేనికి ఉత్తరాన పావుగంట ఎక్కితే బయలు, జొన్న కోసేసిన చేను. అక్కడ పొద్దంతా ఎండే. పలకలు అక్కడ పెడదామంటే ఇళ్ల దాకా తీగ లాగాలి. ఈ చిన్న బ్యాటరీ కరెంటు అంత దూరం రాదు, దారిలోనే నీరసపడిపోతుంది. నేను ఇక అయిపోయిందనుకున్నాను. ఉస్తాద్ బీడీ పడేసి నవ్వాడు.

"పాలాయనా, మన దుకాణంల బ్యాటరీలకు తీగ ఇంటిదాంక గుంజుతున్నమా? ఆళ్లే తెస్తరు, ఆళ్లే కొంచవోతరు. పగటీలి ఇంట్ల దీపంతోని ఏం పని?"

అంతే, గుట్ట మీద మా దుకాణమే పెట్టాం. పన్నెండు పలకలు దింపి చేనులో వరసగా నిలబెట్టాం, చుట్టూ ముళ్లకంప. పొద్దున కావడికి రెండు చొప్పున బ్యాటరీలు పైకి, సాయంత్రం కిందికి. గూడెంవాళ్లకు చదువు రాదు కాబట్టి మా దుకాణంలో లాగే గుర్తులు. ఒకరు గొడ్డలి వేయించుకున్నారు, ఒకరు దువ్వెన. గూడెం పెద్ద కోడిపుంజు వేయమన్నాడు, నేను వేశాను, బాతులా వచ్చింది.

చివరగా ఉస్తాద్ తన చేతిసంచి విప్పి గాజు గొట్టం తీశాడు. బ్యాటరీ యాసిడ్‌ను పైకి లాగి చూసే హైడ్రోమీటరు. లోపల చిన్న తేలుడు గొట్టం ఉంటుంది. బ్యాటరీ నిండితే పైకి తేలుతుంది, తగ్గితే మునుగుతుంది. దుకాణంలో నన్ను కూడా ముట్టుకోనిచ్చేవాడు కాదు. దాన్ని మంత్రసానికి ఇచ్చాడు.

"అవ్వా, ఇది పైన తేల్తాంటె నిండుగ ఉన్నట్టు. ఈ ఎర్రగీత కాడికి మునిగిందనుకో, అయిపోవట్టినట్టు. పురుడుకు పోయేటప్పుడు సూసుకోని పో. ఇగ చెప్పకుంట పోదు."

ఆమె గొట్టాన్ని ఎండకు ఎత్తిపట్టి చాలాసేపు చూసింది. "బుడ్డి లెక్కనే" అంది. ఆ సాయంత్రం కొలిచి, తన బ్యాటరీ తానే మోసుకుపోయింది. దీపం గూడెమంతా పడుకునేదాకా వెలిగింది. మర్నాడూ వెలిగింది. దింపుకుపొమ్మని ఎవరూ అనలేదు.

తర్వాత పై గూడేలకు వెళ్లాం. ప్రతిచోటా ముందు ఒక రోజు గోనెసంచి మీద కూర్చోవడమే. అవి ఎన్నో ఆయన లెక్క పెట్టలేదు, నేనూ పెట్టలేదు. వందలు మాత్రం కావు, పాస్టరు గారూ.

మొదటి గూడెం నుంచి బయల్దేరే పొద్దున మళ్లీ ఒకసారి చూద్దామని చేను దగ్గరికెక్కాం. ఉస్తాద్ పలకల ముందు నిలబడి చేతులు వెనక్కి కట్టుకుని చూస్తున్నాడు. మంత్రసాని బ్యాటరీతో వచ్చింది. కింద పెట్టి, ఎరుపుకు ఎరుపు, నలుపుకు నలుపు తీగలు తగిలించింది. తలెత్తకుండానే, "జర జరుగు పట్నపాయనా, నీ నీడ వడ్తాంది" అంది.

ఉస్తాద్ రెండడుగులు పక్కకు జరిగాడు.