బస్తాకు అర కిలో బెల్లం

దమ్మపేట అవతల అడవి అంచు గూడెంలో ఒక ఆడమనిషి ఇంటి స్లాబును నేను పాడు చేశాను. ముప్పై ఏళ్లుగా మేస్త్రీ పని చేస్తున్నవాణ్ణి. ఈ మాట చెప్పడానికి ఇప్పటికీ నోరు రాదు.

సర్కారు ఇల్లు మంజూరైందని ఆమె ఉన్న గుడిసె విప్పేసి, అదే జాగాలో గోడలు లేపించింది. మొగుడు పోయాడు. ఇద్దరు కూతుళ్లతో ఆ గోడల పక్కనే తడికెలు కట్టుకుని ఉండేది. వానలు పడేలోపు నెత్తిమీద కప్పు పడితే చాలన్నది.

మే నెల ఎండలో కాంక్రీటు కలిపిన కాసేపటికే బిగుసుకుపోతుంది. అలా కాకుండా హౌసింగ్ ఇంజనీరమ్మ ఒక కెమికల్ డబ్బా తెచ్చి ఇచ్చింది. మొన్న మొన్న ఉద్యోగంలో చేరిన పిల్ల. "బస్తాకు ఈ మూత కొలతే పొయ్యండి, ఎక్కువైతే అసలే గట్టిపడదు" అని చెప్పి పోయింది. నాకు ఒళ్లు మండింది. తాతకు దగ్గులు నేర్పుతుందా ఈమె?

మా తాత గానుగ సున్నంలో బెల్లం, కరక్కాయ నీళ్లు పోసి కట్టిన గోడల్లో ఇప్పటికీ మేకు దిగదు. ఆ పొగరుతో డబ్బా మూత కూడా తీయలేదు. దమ్మపేట నుంచి బెల్లం తెప్పించి, బస్తాకు అర కిలో చొప్పున నీళ్లలో కరిగించి పోయించాను.

సాయంత్రానికి స్లాబు పచ్చిగానే ఉంది. తెల్లారినా అంతే. "రోజూ మూడు పూటలు తడుపక్కా, అదే గట్టిపడతది" అన్నాను. ఆమె బోరింగు నుంచి బిందెలు మోసి, నిచ్చెన ఎక్కి తడిపింది. నాలుగో రోజుకు చీమలు బారులు కట్టాయి.

"తమ్ముడా, సిమెంటుకు చీమలు పడతయా ఏంది?"

"ఎండకు వచ్చినయిలే అక్కా."

అప్పటికే నాకు తెలిసిపోయింది, సున్నానికి సత్తువ ఇచ్చే బెల్లం సిమెంటుకు విషమని. తెలిసి కూడా ఆమె చేత ఇరవై రోజులు నీళ్లు మోయించాను. థూ, నాదీ ఒక బతుకేనా! మూత తీయని డబ్బాను మాత్రం ఎవరూ చూడకుండా తుప్పల్లోకి విసిరేశాను.

ఇంజనీరమ్మ వచ్చిన రోజే తొలకరి జల్లు పడింది. బండి తాళంచెవితో స్లాబు అంచును గీకితే ఇసుకలా రాలింది. మొత్తం కూలగొట్టాల్సిందేనంది. "ఇట్లా ఎందుకైంది?" అని నన్నే చూస్తూ అడిగింది.

నేను నోరు తెరిచేలోపే ఆ ఇంటామె ముందుకొచ్చింది.

"మేస్త్రీ తప్పేం లేదమ్మా. మూడు పూటలు తడుపమన్నడు. నడుమ జరమొచ్చి రెండు రోజులు ఒక్క పూటే తడిపిన. నా వల్లనే గిట్లయింది."

నేను కాదనలేదు.