నాలుగు కాయల అబద్ధం

నా చిన్నప్పుడు, దీపావళి వెళ్లిన మూడో సోమవారం, పొద్దున్న పదిన్నరకు నేను నాలుగు కొబ్బరికాయల బరువున్న అబద్ధం ఆడాను. టైము చూడడం అప్పట్లో నాకు రాదు. పంతులుగారు గడియారం చూసి గట్టిగా చెప్పారు కాబట్టి గుర్తుంది.

కవిటి దగ్గర మా ఊరి బడికి నేను వెళ్లింది ఉప్మా కోసం. చదువు కోసమని ఇప్పుడు చెబితే అది ఐదో కాయ అవుతుంది.

ఆ రోజు నర్సమ్మగారు బడి పిల్లలందరి ఆరోగ్యం చూడడానికి వచ్చారు. పళ్లు, గోళ్లు, కళ్లు చూశాక బరువు. బడిలో మిషను లేదు. కొబ్బరి కొనే మావ తన కాటా తెచ్చి దూలానికి వేలాడదీశాడు. కిలోలంటే మాకు తెలియదని ఆవిడ మమ్మల్ని ఒక తట్టలో కూర్చోబెట్టి, రెండో దాంట్లో ఒకే సైజు కాయలు వేయించారు. ఇరవై ఆరు కాయలకు తక్కువ తూగితే రోజూ చెంచాడు చేప నూనె తాగాలని శనివారమే పంతులుగారు మాకు చెప్పారు. దాని వాసన నాకు తెలుసు. అందుకే మా తాత వలకున్న సీసపు గుళ్లు విప్పి, గుడ్డలో మూటకట్టి, లాగు లోపల నడుముకు బిగించుకుని వెళ్లాను.

ఇరవై ఎనిమిది తూగాను.

"ఏట్రా, ఎండు నెత్తల సేపలా ఉంటావు, ఇంత బరువెక్కడ దాసినావు?" అంది వరసలో నా వెనకున్న పక్కింటి అప్ప.

నర్సమ్మగారు నన్ను కిందికీ పైకీ చూశారు. "ఇంత గట్టోడు ఈ బడిలో ఇంకోడు లేడు. అందరికీ గెంతడం సూపించు బాబూ," అన్నారు.

రెండు గెంతులకు మూట ఆగింది. మూడోదానికి జారి, గుళ్లన్నీ దొర్లుకుంటూ పంతులుగారి కుర్చీ కిందకు పోయాయి. బడంతా నవ్వింది. నాకు ఏడుపొచ్చింది. ఆవిడ తిట్టలేదు. మళ్లీ తట్టలో కూర్చోబెట్టారు. ఇరవై నాలుగు. మిగిలిన కాయలు తీసి నా ఒళ్లో పెట్టారు.

"ఈ నాలుగూ అబద్ధం. ఒట్టుకెళ్లి తిను. మెల్లగా నిజం సేసుకో."

"మరి సేప నూనె?"

"అదీ తాగు."

తాగాను. అమ్మ రోజూ కొబ్బరి కోరి గంజన్నంలో కలిపి పెట్టేది. ఆ కాయలయ్యాక మావ ఇంకో నాలుగు ఇచ్చాడు. జీడిపళ్ల కాలానికి గుళ్లు లేకుండానే ఇరవై ఎనిమిది తూగాను.

మొన్న మా మనవరాలి బడిలో నీళ్ల గంట పెట్టారు. అది కొట్టినప్పుడల్లా పిల్లలందరూ నీళ్లు తాగాలి. కిడ్నీ జబ్బు మా వైపు ఎన్ని ఇళ్లు చూసిందో తెలిసినవాణ్ణి, మంచి పనే అన్నాను. ఈ పిల్ల మాత్రం నీళ్లు మొక్కకు పోసి ఖాళీ సీసా చూపిస్తోందట. తిట్టబోయి ఆగాను. ఎందుకని అడిగాను.

"మరుగుదొడ్డికి గడియ నేదు తాతా," అంది.

మర్నాడు సుత్తీ గడియా పట్టుకుని బడికి వెళ్లాను. ఇప్పుడు సీసా నిజంగానే ఖాళీ అవుతోంది. తప్పు చేసినవాణ్ణి తిట్టడం ఎవడికైనా వచ్చు. వాడికి ఎంత తక్కువైందో తూచడం నేను ఆ కాటా దగ్గర నేర్చుకున్నాను.

అక్షరాలు నాకు యాభై దాటాక వచ్చాయి. రాగానే మొదట రాసుకున్నది ఆ సోమవారం అక్కడున్నవాళ్లను: పంతులుగారు, నర్సమ్మగారు, కొబ్బరి మావ, నవ్వు ఆపుకోలేని పక్కింటి అప్ప, మాతో చదివే మిగతా గుంటలు పద్దెనిమిది మంది, నేను. నా పేరు పక్కన ఇరవై నాలుగు కాయలని రాశాను.