అంటు కట్టిన మోకాలు

పోయిన వారం వనపర్తి బస్టాండులో ఒక ఆడపిల్ల చంకకర్రలతో బస్సు దిగుతోంది. మోకాలికి పట్టీ, ఒంటి మీద ఆటల బనీను. సాయానికి చాచిన చేతులన్నిటినీ జేబుదొంగల చేతుల్లాగా చూసింది. ఆ చూపు నాకు తెలుసు. ఇరవై ఏళ్ల కింద తొమ్మిది నెలలు నేను లోకాన్నంతా అట్లాగే చూశాను.

అప్పుడు నేను జిల్లా కబడ్డీ జట్టులో కూతకు పోయేదాన్ని. నాగర్‌కర్నూల్‌లో ఒక ఆటలో పట్టు విడిపించుకుని తిరగబోతే మోకాల్లో టప్పుమంది. గీత దాటలేకపోయాను గానీ హైదరాబాదు దాకా పోవలసివచ్చింది. అక్కడి డాక్టరు తెగిన లిగమెంటు జాగాలో నా తొడలోని నరమే ఒకటి తీసి వేశాడు. బల్మూరు దగ్గర మామిడి తోటలో అంటు మొక్కలు కట్టే మా నాయనకు ఈ పని తెగ నచ్చింది. అడిగినవాళ్లందరికీ బిడ్డ కాలికి అంటు కట్టారని చెప్పాడు. విన్నవాళ్లలో సగం మంది దాన్ని అంటురోగం చేసుకున్నారు. చూడవచ్చినవాళ్లు గడప బయటే నిలబడి, మంచినీళ్లు కూడా ముట్టకుండా పోయారు. ఈ అంటు గొడవ నాకు తర్వాతెప్పుడో తెలిసింది. అప్పుడు మాత్రం, నా కాలు ఇక పనికిరాదని వీళ్లకు తెలుసు, నా దగ్గర దాస్తున్నారు అని తేల్చుకున్నాను.

నాయన మీద వేరే అనుమానం. అంటు మొక్కకు తొలి పూత నిలవనియ్యరు, ముందు వేరు పట్టాలని తెంపేస్తారు. "నీ కూత గూడ గంతే బిడ్డా, ఈ యేడు తెంపెయ్యాలె" అన్నాడు. పూతకూ కూతకూ ఒక్క అక్షరమే తేడా. నాకు మాత్రం అందులో ఆట మాన్పించి చేసే పెళ్లి సంబంధం వినబడింది.

అందరికంటే గట్టి అనుమానం మా చిన్నమ్మ బిడ్డ మీద. నా తర్వాత కూతకు పోవలసింది అదే. గడప దాటి లోపలికి వచ్చేదీ అదొక్కతే, రోజూ. గోడ పట్టుకుని నేను కాలు వంచుతుంటే, టైలరు కొలత తీసుకుంటున్నట్టు మోకాలినే చూసేది. నొప్పి ఉందా అంటే లేదనేదాన్ని. అది పోయినాక దుప్పటి ముసుగేసుకుని ఏడ్చేదాన్ని. గాయం మానింది గానీ అనుమానం మానలేదు. ఆ మాటలో మానం కూడా ఉంది కదా, అదెక్కడ పోతుందోనని పట్టుకుని కూర్చున్నాను.

తొమ్మిది నెలలకు డాక్టరు ఆడవచ్చన్నాడు. స్కూలు మైదానంలో మాలో మేమే రెండు జట్లుగా ఆడుతున్నాం. నేను కూతకు పోయాను. అటువైపు చిన్నమ్మ బిడ్డ. నేను మీదికి పోతే పక్కకు జరిగింది. రెండోసారీ అంతే. కూత ఆపేసి, నా జాగా గుంజుకున్నది చాలక నన్ను కుంటిదాన్ని కూడా చేస్తున్నావా అని అందరి ముందే అడిగాను.

"నీ జాగా నాకెందుకక్కా," అంది. "నీ మోకాలు టప్పుమన్న సప్పుడు ఇంక నా చెవుల్లనే ఉంది. గప్పట్నుంచి ఒక్క కూతకు గూడ పోలే. గీత కాడికి పోతే దమ్ము తెగుతుండె."

మిగతావాళ్లు నేల చూశారు. వాళ్లకు తెలుసు. నాకెవరూ చెప్పలేదు, నేనెవరినీ అడగలేదు.

"అయితే పట్టు," అన్నాను. "నువ్వు పట్టకుంటే నాకు కాలుందని ఎట్ల తెలుస్తది?"

మూడోసారి పోయాను. అది నా మడమ అందుకుని, దయా దాక్షిణ్యం లేకుండా మట్టిలో పడేసింది. నోట్లో దుమ్ము, అరచెయ్యి గీరుకుపోయింది. మోకాలు నిలిచింది. అది నా మీద నుంచి లేవకుండానే నొచ్చిందా అని అడిగింది. నొచ్చిందన్నాను. దానికి నేను చెప్పిన మొదటి నిజం అదే.

ఆ తొమ్మిది నెలలూ పొద్దు కదలడం లేదని గోడ గడియారాన్ని కూడా అనుమానించాను. పాపం, అది సరిగానే నడిచింది. ఎదురుగా కూర్చున్న మనిషిని ఒక్క మాట అడగడానికి నాకే అంత కాలం పట్టింది.