ఛాంపియన్ అన్న ఎడమ కన్ను

ఇరవై రెండేళ్ళప్పుడు లోకంలో తనంత తెలివైనవాడు లేడని మనిషికి గట్టి నమ్మకం ఉంటుంది చూడండి, ఆ వయసులో నేను కువైట్ సులైబియాలో ఒక గోదాములో అట్టపెట్టెలకు చీటీలు అంటిస్తూ, ఖాళీ దొరికితే ఫోనులో జపాన్ వాళ్ళ బొమ్మల కథలు చదువుతూ ఉండేవాణ్ణి. ఆ జపాన్‌లో నిజంగానే ఒక బాక్సింగ్ ఛాంపియన్ ఉండేవాడట, రింగులో గెలిచి బతుకులో చిత్తుగా ఓడిపోయాడట. ఆయన్ని చూసే ఆటల కథల్లో హీరోలను గీశారని ఎక్కడో చదివాను. ఇంకేముంది, నాకూ ఒక చెడిపోయిన ఛాంపియన్ కావాల్సి వచ్చాడు. (కోనసీమలో పుట్టినవాడికి ఆశలకేం తక్కువండీ?)

వెతకక్కర్లేకుండా మా గదిలోనే ఉన్నాడు. కడప వైపు మనిషి, గోదాములో ఫోర్క్‌లిఫ్ట్ నడిపేవాడు. అందరం ఛాంపియన్ అన్న అనేవాళ్ళం. కుర్రతనంలో బాక్సింగ్‌లో రాష్ట్రానికే మొదటివాడు. గెలిచాక తాగుడు, తాగాక తగాదాలు, ఉన్న ఉద్యోగం ఊడటం, అన్నీ వరసగా జరిగిపోయాయి. (కువైట్‌లో మందు దొరక్కే మంచివాణ్ణయ్యానని తనే నవ్వేవాడు.) ఒక శుక్రవారం చారు కాస్తూ నాకు అసలు సంగతి చెప్పాడు.

"దెబ్బలు తిని తిని ఎడమ కన్ను పూర్తిగా పొయ్యిందిరా. యాడా అనొద్దు. తెలిస్తే బండి దించేసి ఇంటికి పంపిస్తారు."

"ఛ ఛ, నేనెందుకంటానన్నా!" అన్నాను. అనలేదు కూడా. గీశాను.

ఆ కథల్లో హీరోకి ఎవరికీ తెలియని లోపం ఒకటి ఉండి తీరాలి, లేకపోతే కథ పండదు. పేరు మార్చాను గానీ ముక్కు మార్చబుద్ధి కాలేదు. మూడుచోట్ల విరిగిన అంత చక్కటి ముక్కు మళ్ళీ ఎక్కడ దొరుకుతుంది? హీరో ఫోర్క్‌లిఫ్ట్ నడుపుతుంటే పేజీలో ఎడమ సగమంతా నల్లగా నింపాను. అది చూసుకుని నాకే ఒళ్ళు పులకరించి, మెచ్చుకునేవాళ్ళు కావాలని డ్యూటీ వాట్సాప్ గ్రూపులో పెట్టేశాను. అందులో ముదీర్, అంటే మా మేనేజరు కూడా ఉన్నాడు. ఆయనకు తెలుగు రాదు. బొమ్మలకు భాష అక్కర్లేదని అందరి దగ్గరా గొప్పలు పోయింది నేనే.

మర్నాడు పొద్దున్నే ముదీర్ అన్నను పిలిచి, కుడి కన్ను మూయించి, ఎన్ని వేళ్ళో చెప్పమన్నాడు. అన్న బండి తాళంచెవి తీసి బల్ల మీద పెట్టేశాడు. "ఖలాస్" అన్నాడు ముదీర్, కాస్త బాధగానే.

అన్న నన్ను కొడతాడనుకున్నాను. కొట్టించుకోవడానికే గదికి వెళ్ళాను. పెట్టె సర్దుకుంటున్నవాడు తలెత్తకుండా, "ఆ బొమ్మల కాయితాలు ఇట్లియ్యి" అన్నాడు.

"చింపేస్తావా అన్నా?" నాకు ఏడుపు ఆగడం లేదు.

"నా బిడ్డకు చూపిస్తాన్రా. కన్ను పొయ్యిందని ఇంట్లో ఎవురికీ చెప్పలే. ఎట్ల చెప్పాల్నో తెలీక పదేండ్లు ఈడనే ఉండిపోతి."

ఇప్పుడు నాకు ముప్పై దాటాయి. ఆ తెలివైన కుర్రాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది, కానీ పూర్తిగా నవ్వలేను.