విమానం ఎక్కని మా పోతులయ్య గోల్డు కార్డు

ధర్మవరంలో అందరికంటే ఎక్కువసార్లు విమానం ఎక్కినవాడు మా పెద్ద తమ్ముడు పోతులయ్య. విమానాల కంపెనీ లెక్క ప్రకారం అంతే. నిజానికి ఆ మహానుభావుడు విమానాన్ని దగ్గరగా చూసింది ఒక్కసారే, అదీ అద్దాల గోడకు ఇవతల నిలబడి. నేను మా అన్నదమ్ములిద్దరికీ అక్కను, పేరు అక్కమ్మ. నన్ను పెనుకొండలో ఇచ్చారు. మావాళ్ళ సంగతి నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

ఇది ఎలా జరిగిందో చెబితే నవ్వుతారు. నవ్వండి, మొదట్లో మేమూ నవ్వుకున్నాం. 1996లో కలకత్తా సేటు ఒకాయన మా పట్టుచీరలు మెచ్చి, మగ్గాల యజమాని పోతులయ్యే కదా అని అతని పేరు మీద బెంగళూరు నుంచి టికెట్టు తీయించాడు. ఎయిర్‌పోర్టు దాకా వెళ్ళాక అద్దాల్లోంచి విమానాన్ని చూసి మావాడు బెదిరిపోయాడు. "శంకరా, నువ్వు పోయి రా పో" అని టికెట్టు, సాగనంపడానికి వచ్చిన చిన్న తమ్ముడు శివశంకర్ చేతిలో పెట్టి వెనక్కి వచ్చేశాడు. ఆ రోజుల్లో ముఖం చూసి నువ్వెవరని అడిగేవాళ్ళు తక్కువ. శంకర్ అన్న పేరుతో ఎక్కాడు, చీరలు అమ్ముకుని వచ్చాడు.

ఆ తర్వాత అదే అలవాటైంది. మా ఇంట్లో ఇల్లు, మగ్గాలు, గ్యాసు, ఫోను అన్నీ పెద్దోడి పేరు మీదే ఉండేవి. విమానానికి మాత్రం వేరే పేరెందుకు? పైగా ఒకే పేరు మీద తిరిగితే కంపెనీవాళ్ళు పాయింట్లు వేస్తారని తెలిసింది. పాయింట్లు పెరిగి గోల్డు కార్డు వచ్చింది. అది చూపిస్తే చీరల పెట్టెలు ఎక్కువున్నా ఊరికే ఎక్కించేవాళ్ళు.

శంకర్ విమానంలో ఉన్న రోజున పోతులయ్య అన్నం ముట్టేవాడు కాదు. కలకత్తా నుంచి ఫోను రావాలి, "పోతులయ్య దిగినాడు" అని శంకర్ తమాషాగా చెప్పాలి, అప్పుడు కంచం ముందు కూర్చునేవాడు. గూగూడు కుళ్ళాయిస్వామికి ఏదో మొక్కుకుని ఉంటాడని వాళ్ళావిడ అనుకునేది. అడిగితే కసిరేవాడు.

2000లో ఒక రోజు పొద్దున్నే, ఏ గొడవా లేకుండానే, పోతులయ్య గోల్డు కార్డు బీరువాలో పెట్టి తాళం వేశాడు. "ఇంగ నా పేరు మీద ఎవురూ పోగూడదు" అన్నాడు. ఎందుకో చెప్పలేదు. నోరు తెరిస్తే ముత్యాలు రాలిపోతాయేమో!

శంకర్‌కు ఒళ్ళు మండింది. "కలకత్తాలో అందరికీ నా ముఖమే తెల్సు. అది ఓర్చుకోలేకపోతాండావు నువ్వు" అన్నాడు. పోతులయ్య తల వంచుకుని మగ్గం గుంతలోకి దిగిపోయాడు. ఆ ఏడాదే వేరుపడ్డారు. మగ్గాలు పెద్దోడికి, అమ్మకం చిన్నోడికి. కార్డు లేకుండా విమానమెక్కితే పెట్టెల ఖర్చుకే సరిపోతుంది. అందుకని శంకర్ రోజుల తరబడి రైల్లో పోయేవాడు. అతను చేరేసరికి విమానంలో వచ్చినవాళ్ళు అంగళ్ళన్నీ తిరిగేసి ఉండేవాళ్ళు. మూడేళ్ళలో కలకత్తా బేరం దాదాపు చేజారింది. ఈ దసరా కూడా పోతే ఇక ఏదైనా బట్టల కొట్లో గుమాస్తాగా చేరడమేనని అతని భార్య ఉమాదేవి నా దగ్గర ఏడ్చింది.

సరిగ్గా అప్పుడు ఆ విమానాల కంపెనీ మూతపడే దారిలో పడింది. కార్డున్నవాళ్ళు వేరే రెండు కంపెనీల్లో ఒకదానికి మారవచ్చట, కాని కార్డు ఎవరి పేరున ఉందో ఆ మనిషే బెంగళూరు ఆఫీసుకు రావాలట. హిందూపురంలో టికెట్లు తీసిచ్చే చెన్నకేశవులు వివరంగా చెప్పాడు. ఒకటి పెద్ద కంపెనీ. సింగపూరు దాకా తిరగవచ్చు, ఎయిర్‌పోర్టులో మెత్తటి సోఫాలు, ఊరికే టిఫిను. కానీ కార్డు ఎవరిదో వాళ్ళకే. రెండోది చిన్నది. టిఫినూ లేదు, సోఫాలూ లేవు. అయితే కలకత్తాకు రోజూ పోతుంది, పెట్టెలు ఎక్కువైనా ఒప్పుకుంటుంది. మారేటప్పుడు ఇంట్లో ఇంకొకరి పేరు మీద కార్డు రాయించుకోవచ్చు కూడా.

"రెండోది తీసుకోమను అక్కా. నేను మాత్రం అడగను" అన్నాడు శంకర్.

నేనే అడిగాను. "ఆడికి పోయినాక చెప్తా" అన్నాడు పోతులయ్య. చూడండి పొగరు! తమ్ముడి బతుకు ఆ ఒక్క మాట మీద ఆగి ఉంటే, గడువు ఆఖరు రోజు దాకా నాన్చాడు.

ఆ రోజు ధర్మవరం నుంచి వచ్చే రైలును నేను పెనుకొండలో ఎక్కాను. ఒకే పెట్టెలో ఆ చివర ఒకడు, ఈ చివర ఒకడు. "ఏంరా, మధ్యలో కాలవ తవ్వినారా?" అని అరిచాను. ఇద్దరూ కిటికీల్లోంచి బయటికి చూశారు. నేను మధ్యలో కూలబడ్డాను.

హిందూపురంలో చెన్నకేశవులు ప్లాట్‌ఫారం మీద కాచుకుని ఉన్నాడు. కిటికీ ఊచలు పట్టుకుని, "ఏమప్పా, ఆడ ఏమన్నా అడుగుతారు, జాగర్త. నువ్వు ఎప్పుడూ ఎక్కలేదని తెల్సిందా, కార్డు ఆడికాడికే రద్దు. నీ పేరు మీద ఎవురు తిరిగినారని ఇద్దర్నీ నిలదీస్తారు" అన్నాడు. రైలు కదిలింది. పోతులయ్య తువ్వాలుతో ముఖం తుడుచుకుంటూనే ఉన్నాడు. చిన్నప్పుడు బెల్లం దొంగిలించి మూతి తుడుచుకోవడం కూడా చేతకానివాడు, అక్కడ ఏం అబద్ధం చెబుతాడు?

ఆఫీసులో బల్ల వెనక ఉన్న అమ్మాయి కార్డు చూసి లేచి నిలబడింది. తెలుగులోనే మాట్లాడింది. "మీలాగా తిరిగినవాళ్ళు చాలా తక్కువ సార్. ఎప్పుడూ కలకత్తానే కదా? దిగేటప్పుడు పైనుంచి నది ఎలా కనిపిస్తుంది సార్? నేను ఎప్పుడూ వెళ్ళలేదు."

పోతులయ్య తువ్వాలు తీసి మెడ తుడుచుకోసాగాడు. ఆ అమ్మాయి నవ్వు తగ్గింది. "సార్?" అంది మళ్ళీ.

మూడేళ్ళుగా అన్న వైపు తిరగని శంకర్ ముందుకొచ్చాడు. "మా అన్న కిటికీ పక్కన కూచోడమ్మా. ఎక్కినప్పట్నుంచి దిగేదాకా కండ్లు మూసుకోనే ఉంటాడు."

"అవునమ్మా, నాకు భయం" అన్నాడు పోతులయ్య. ఆ మాటొక్కటీ నిజం కాబట్టి తడబడకుండా వచ్చింది.

అమ్మాయి మళ్ళీ నవ్వింది. పెద్ద కంపెనీ గొప్పలన్నీ చెప్పుకొచ్చింది. "మీకు అదే సరైనది సార్. రాసేదా?"

నేను శంకర్ చెయ్యి గట్టిగా పట్టుకున్నాను.

"వద్దు తల్లీ. రెండోది రాయి" అన్నాడు పోతులయ్య. "ఇదో, మా తమ్ముడు శివశంకర్. వాని పేరు మీద రాయి."

"అంతా ఆయనకేనా? మీ పేరు మీద ఇంకేమీ మిగలదు సార్."

"మిగలగూడదనే వచ్చినా."

బయట మెట్ల మీదికి వచ్చాక శంకర్ ఆగిపోయాడు. "ఇది మూడేండ్ల కిందటే చేసుంటే ఏం పోయేదన్నా? నన్ను రైళ్ళపాలు చేస్తివి గదా."

"అప్పుడు పేరు మార్చేది లేదనిరి కంపెనీవోళ్ళు. అడిగినా" అంటూ పోతులయ్య మెట్టు మీద కూర్చుండిపోయాడు. "నేను కార్డు దాచిపెట్టిన పొద్దు యాడో విమానం పడిందని పేపర్లో ఏసినారు, గుర్తుండాదా? సచ్చిపోయినోళ్ళ పేర్లన్నీ వరసగా ఏసినారు. నీకేమన్నా అయితే ఆడ వచ్చేది నా పేరు రా. పోతులయ్య పోయినాడని నేనే బతికుండి సదువుకోవల్ల. పోయింది నా తమ్ముడని ఎవురికి చెప్పుకునేది? నా పేరుండగా ఉమాదేవికి ఆఖరికి నిన్ను చూపిస్తారా, అప్పజెప్తారా?"

"ఆ ముక్క అప్పుడే చెప్పొచ్చు గదరా, మొద్దు!" అని నేను మండిపడ్డాను. అరుస్తుంటే నాకే ఏడుపొచ్చింది.

"యెట్లా చెప్పేది అక్కా? ఊరికి పోయేటోన్ని పట్టుకోని సస్తావని నోటితో అంటారా ఎవురన్నా?"

శంకర్ వచ్చి అన్న పక్కన అదే మెట్టు మీద కూర్చున్నాడు.

దసరాకు ముందు అతను తన పేరుతో, తన కార్డుతో మొదటిసారి విమానం ఎక్కాడు. ఆ రోజు నేను ధర్మవరంలో పోతులయ్య ఇంట్లోనే ఉన్నాను. ఉమాదేవి కూడా అక్కడికే వచ్చింది. పొద్దుటి నుంచీ మావాడు పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టలేదు. వడ్డించిన సంగటి కంచంలోనే చల్లారిపోయింది. తిట్టాను, బతిమాలాను, వింటేనా? సాయంత్రం ఫోను మోగింది. పోతులయ్య పరుగున పోయి ఎత్తాడు. నేను కూడా చెవి పెట్టాను.

"అన్నా, శివశంకర్ దిగినాడు. ఇంగ నువ్వు తిను."