ఇరవై నంబరు రేకు

మా బావ చేతిని నమ్ముకుని ఈ ఊళ్ళో ఎంతమంది రోజూ పైకెక్కి కిందికి దిగుతున్నారో వాళ్ళకే తెలియదు. లిఫ్టులో నిలబడ్డ మనిషి మీట నొక్కి, అద్దంలో జుట్టు సర్దుకుంటాడు. డాబా మీది గదిలో తిరిగే డ్రమ్మునీ, దాన్ని పట్టి ఆపే బ్రేకునీ ఎవడు తలుచుకుంటాడు? తలుచుకునే పని మా బావది. ఆయన లిఫ్టు మెకానిక్కు. నేను ఆయన బావమరిదిని, పనిలో జతగాణ్ణి, ఆయన తిట్లకి మొదట దొరికే మనిషిని.

అక్కతో పెళ్ళి కూడా లిఫ్టు పుణ్యమే. ఆవిడ పనిచేసే ఆఫీసులో లిఫ్టు రెండంతస్తుల మధ్య ఇరుక్కుపోతే, తలుపు తెరిచి చెయ్యందించి బయటికి లాగింది ఈయనే. "అప్పుడు పట్టుకున్న చెయ్యి ఇంతవరకూ వదల్లేదు మీ అక్క" అంటాడు. "వదిలితే ఏ గోతిలో పడతారోనని" అంటుంది అక్క. ఏళ్ళ తరబడి ఇదే మాట, ఇదే జవాబు. వాళ్ళిద్దరికీ విసుగు రాదు, నాకొస్తుంది.

బావ ప్రాణంతో సమానంగా చూసుకునే వస్తువు ఒకటుంది, ఫీలర్ గేజి. చూడ్డానికి జేబులో పట్టే మడతచాకు లాంటిదే. కాకపోతే విప్పితే విసనకర్రలా పలచని ఉక్కు రేకులు బయటికొస్తాయి. ఒక్కో రేకుదీ ఒక్కో మందం, దాని నంబరు దాని మీదే చెక్కి ఉంటుంది. రెండు ఇనుప భాగాల మధ్య సన్నటి సందు ఎంతుందో కంటితో చెప్పలేం. రేకు దూర్చి చూడాలి. సులువుగా జారిపోతే సందు ఎక్కువైనట్టు, అసలు దూరకపోతే తక్కువైనట్టు. అంటీ అంటనట్టు పట్టుకుంటూ కదిలితే సరిగ్గా అంతే ఉన్నట్టు. ఆ పట్టు చేతికి తెలియాలి, అది పుస్తకం చదివితే వచ్చేది కాదు, పక్కవాడు చెబితే వచ్చేదీ కాదు.

ఆ కాసేపూ బావ కళ్ళు మూసుకుంటాడు. "మాట్లాడకు" అంటాడు. నేను ఊపిరి గట్టిగా పీల్చినా తిడతాడు. కట్టంతా చేత్తో పట్టుకుంటే ఆ బరువుకి వేలు మొద్దుబారిపోతుందని, కావలసిన ఒక్క రేకునే మర విప్పి విడిగా తీసుకుంటాడు. పనవగానే దాన్ని ఎడమ చేతి గడియారం పట్టీ కింద దోపుకుంటాడు. షాపుకొచ్చి భోజనం అయ్యాక నూనె గుడ్డతో తుడిచి కట్టలో బిగిస్తాడు. ఇలా విడదీయకూడదని తయారుచేసినవాడే వచ్చి మొత్తుకున్నా వినే రకం కాదు.

ఒంటి సంగతి కూడా అంతే. షుగరుందని డాక్టరు చెప్పాక ఆయన చేసింది ఒక్కటే పని. కాఫీలో చక్కెర మానేసి, మానేశానని కనబడ్డవాళ్ళందరికీ చెప్పుకోవడం. మాత్రలు అక్క చేతిలో పెడితే వేసుకుంటాడు, లేకపోతే లేదు. మనిషి మాత్రం చిక్కిపోయాడు. గడియారం మణికట్టు మీద గాజులా జారుతోంది. "ఈమధ్య నేల మెత్తగా ఉంటోందిరా, దూది మీద నడిచినట్టుంది" అన్నాడు ఓసారి. "రాజభోగం బావా" అన్నాను. అక్క నవ్వలేదు. "కాళ్ళు ఓసారి చూపించుకోండి" అంది. "నాకు తిండి పెట్టేవి చేతులు, కాళ్ళు కావు" అని ఆ మాట అక్కడికి తుంచేశాడు.

ఆ రోజు పొద్దున మేం వెళ్ళింది ఒక ప్రసూతి ఆసుపత్రికి. లిఫ్టు ఆగేటప్పుడు కుదుపుతోందని పిలిచారు. కరెంటు రాగానే డ్రమ్మును అటూ ఇటూ అదిమి పట్టే రెండు బ్రేకు షూలూ దాన్ని వదలాలి, పోగానే స్ప్రింగుల బలంతో వచ్చి పట్టుకోవాలి. వదిలినప్పుడు మధ్యలో ఉండాల్సిన సందు పెరిగిపోయిందని బావ చూడగానే కనిపెట్టాడు. ఇరవై నంబరు రేకు తీసి సందు సరిచేశాడు. ఒక్కో అంతస్తులో గుమ్మానికి సమంగా ఆగుతోందో లేదో చూడమని నన్ను కిందికి పంపాడు. సమంగానే ఆగింది. సరంజామా సర్దుకుని షాపుకొచ్చేశాం.

షాపంటే రోడ్డు వైపు ఒక గది. ముందు బల్ల దగ్గర అక్క, ఆవిడ పక్కన ఫోను, వెనక బెంచీ మీద మా భోజనం. "బూట్లు విప్పి కూర్చోండి, కాళ్ళకి గాలి తగులుతుంది" అంది అక్క. "మళ్ళీ వంగి లేసులు కట్టడం ఎవడివల్ల అవుతుంది?" అని బావ అలాగే తినేశాడు. తిని, నూనె గుడ్డ ఒళ్ళో పరుచుకుని, నాతో ఏదో చెబుతూ చూడకుండానే ఎడమ మణికట్టు తడుముకున్నాడు. పట్టీ కింద వేలు అటూ ఇటూ ఆడించాడు. గడియారం విప్పి దులిపాడు.

రేకు రాలలేదు.

"జేబులో చూడు బావా" అన్నాను. జేబులన్నీ తిరగేశాడు. పనిసంచి నేలమీద గుమ్మరించాం. స్పానర్లు, టెస్టరు, చిరుగు గుడ్డలు, ఎప్పటిదో బిస్కెట్టు పొట్లం. రేకు లేదు.

"నేను దాన్ని బయటికి తీశానా?" అన్నాడు నెమ్మదిగా. ఆయన అడిగింది నన్ను కాదు. "సందులోంచి తీసి పట్టీ కింద పెట్టానా, లేక నిన్ను కిందికి పంపే హడావుడిలో..."

ఆ తరవాతది చెప్పక్కర్లేదు. రేకు గనక షూకీ డ్రమ్ముకీ మధ్య ఉండిపోతే, బ్రేకు పట్టుకునేది డ్రమ్మును కాదు, నున్నటి ఉక్కును. ఇప్పటివరకూ ఆగిన లిఫ్టు ఇకముందూ ఆగుతుందన్న భరోసా లేదు. జారుతుంది. తలుపు తెరుచుకున్నాక, ఎవరో సగం లోపల, సగం బయట ఉండగా జారుతుంది. ఆ ఆసుపత్రిలో లిఫ్టెక్కేవాళ్ళు నిండు చూలాళ్ళు, పచ్చి బాలింతలు.

అక్క అప్పటికే ఆసుపత్రికి ఫోను కలుపుతోంది. "ఎవరో మాట్లాడుతున్నార్రా, తగలట్లేదు. మీరు బయల్దేరండి, నేను చేస్తూనే ఉంటా."

స్కూటరు నేను నడిపాను. వెనక కూర్చుని బావ ఒక్క తిట్టూ తిట్టలేదు. ఎర్ర దీపం దాటేసినా తిట్టలేదు. అందుకే నాకు మరీ భయమేసింది.

ఆసుపత్రి మేనేజరు చేతులు కట్టుకుని మా మాట విన్నాడు. "పొద్దున్నే కదండీ, ఇక చూసుకోనక్కర్లేదని చెప్పి వెళ్ళారు?"

"చెప్పానండీ. ఇప్పుడు నా రేకొకటి కనబడట్లేదు, బ్రేకులో ఉండిపోయిందేమోనని అనుమానం. తప్పు నాదే. లిఫ్టు ఎవరూ ఎక్కకుండా చూడండి."

మా బావ నోట 'తప్పు నాదే' అన్న మాట నేను వినడం అదే మొదలు. లిఫ్టు కోసం నిలబడ్డవాళ్ళందరి ముందు, తల దించకుండా అన్నాడు.

"ఎలా కుదురుతుందండీ? ఆపరేషనైన ఆవిణ్ణి పై నుంచి ఇప్పుడే దింపుతున్నారు."

తలెత్తి చూశాను. తలుపు మీద అంకె మారింది. లిఫ్టు బయల్దేరింది. నేను మెయిన్ స్విచ్ కోసం పరుగెత్తబోతే బావ నా చొక్కా పట్టి లాగాడు.

"ఆపకు! ఇప్పుడు కరెంటు తీస్తే మధ్యలో ఆ బ్రేకు మీదే వేలాడాలి. రానీ."

రానిచ్చాం. చేయడానికింకేమీ లేదు. బావ అరచెయ్యి తలుపుకి ఆనించి, కళ్ళు మూసుకున్నాడు. లోపల తాడు కదులుతున్న చప్పుడు నా చెవులకి ఎప్పుడూ వినబడేదే, ఆ రోజు మాత్రం ప్రతి చిన్న గీకుడునీ లెక్కపెట్టాను. అంకె మారింది. మళ్ళీ మారింది. పైన బ్రేకు పడిన చిన్న దెబ్బ గోడ గుండా వినిపించింది. తలుపు తెరుచుకుంది. గుమ్మానికి సమంగా ఉంది. తోపుడు మంచం చక్రాలు కుదుపు లేకుండా బయటికొచ్చాయి. ఆవిడ నిద్రమత్తులో ఉంది, పక్కన నర్సు చేతుల్లో గుడ్డల మూట లాంటి బిడ్డ. ముందు చక్రాలు, వెనక చక్రాలు. బావ భుజం తలుపుకి అడ్డంగా పెట్టి, వాళ్ళంతా దాటేదాకా కదల్లేదు.

అప్పుడు తీయించాడు కరెంటు.

డాబా మీదికి మెట్లన్నీ ఆయనే ముందెక్కాడు. ఆయాసపడుతున్నాడు గాని ఆగలేదు. మోటారు గదిలో నేను టార్చి పట్టుకున్నాను. బ్రేకు విప్పి రెండు షూలనూ బయటికి లాగాం. రేకు లేదు. డ్రమ్ము మీద గీత కూడా లేదు.

"లేదు బావా! బతికాం!" అన్నాను.

"ఇక్కడ లేదు. మరెక్కడుంది?" అన్నాడాయన. నేలలో తాళ్ళు దిగే కంతల వైపు చూశాడు. "ఇందులోంచి జారితే లిఫ్టు పైకప్పు మీద పడుతుంది. లేకపోతే పట్టాల దగ్గర ఇరుక్కుంటుంది. తలుపు నడిపే చక్రాల్లో పడొచ్చు. వెతుకు."

లిఫ్టు పైకప్పు మీదికి దిగి వేళ్ళతో తడిమాను. కింద గోతిలోకి దిగి చీపురుతో ఊడ్చాను. హెయిర్‌పిన్నులు దొరికాయి, మందు చీటీలు దొరికాయి, ఒక బుల్లి మేజోడు దొరికింది. ఈలోగా మనుషుల్ని కుర్చీల్లో కూర్చోబెట్టి మెట్ల మీద మోస్తున్నారు. మోసేవాళ్ళు మమ్మల్ని చూసే చూపులు చెప్పనలవి కాదు. మేనేజరు డాబా మీదికొచ్చి అరిచాడు.

"బ్రేకులో లేదన్నారుగా! బోడి రేకు కోసం ఎంతసేపండీ? వెయ్యండి లిఫ్టు!"

"వెయ్యనండీ" అన్నాడు బావ. "అదెక్కడుందో తెలిసేదాకా వెయ్యను."

మేనేజరు వెళ్ళాక నాకూ తిక్క రేగింది. "దారిలో ఎక్కడో పడిపోయుంటుంది బావా. ఉక్కు రేకు కోసం ఊరంతా ఊడవమంటావా? ఎందుకీ మొండిపట్టు?"

"పడిపోయుండొచ్చు. పడిపోయిందని నాకు తెలియాలిగా. తెలియకుండా ఆ బిడ్డని ఎక్కించమంటావా?"

కోపంతో టార్చి నేలకేసి తిప్పాను. మోటారు చుట్టూ నల్లటి మరకలు. గేరు ఆయిలు కారుతోందనుకున్నాను. ఇన్నాళ్ళూ లేని లీకేమిటని వంగి వేలితో అద్దుకున్నాను. ఆయిలు కాదు. జిగురుగా, వెలుగులో ఎర్రగా ఉంది. మరకలు గుమ్మం నుంచి మోటారు దాకా, మోటారు నుంచి కంతల దాకా, బావ ఎక్కడెక్కడ తిరిగాడో అక్కడల్లా ఉన్నాయి, అన్నీ కుడి కాలి బూటువే.

"బావా, కూర్చో."

"ఏమైంది?"

"కూర్చోమన్నానా! కుడి బూటు విప్పుతాను."

వదులు బూటు సులువుగానే వచ్చింది. దాంతోపాటు రక్తం కారింది. లోపల, అరికాలి వంపు ఎలా ఉందో అలాగే వంగి, మేజోడును కోసుకుని సగం పాదంలోకి దిగి ఉంది ఇరవై నంబరు రేకు. పొద్దున ఆయన గొంతుక్కూర్చుని పనిచేస్తుంటే వదులు పట్టీలోంచి జారి బూటులో పడుంటుంది. దాని మీదే షాపుకొచ్చాడు, దాని మీదే భోజనానికి కూర్చున్నాడు, దాని మీదే ఈ మెట్లన్నీ ఎక్కాడు.

నేను రేకు లాగితే బావ దాన్ని నా చేతిలోంచి గుంజుకున్నాడు. ముఖం వెలిగిపోయింది. చొక్కాకి తుడిచి, టార్చి వెలుగులో అంచులు రెండూ చూశాడు. "ముక్క విరగలేదురా! పూర్తిగా ఉంది! వెళ్ళి లిఫ్టు వేసుకోవచ్చని చెప్పు, పాపం మనుషుల్ని మోస్తున్నారు."

నేను కదల్లేదు. ఫోను మోగింది. అక్క.

"దొరికింది!" అన్నాడు బావ సంబరంగా. "ఏం కాలేదు, అందరూ బాగున్నారు."

"హమ్మయ్య. ఎక్కడ దొరికిందండీ?"

ఆయన చెప్పబోయి ఆగాడు. అప్పుడు చూసుకున్నాడు కాలు. ఎవరిదో కాలును చూసినట్టు చూశాడు. ఫోను నా చేతికిచ్చేశాడు. నేను ఉన్నదున్నట్టు చెప్పాను.

"నొప్పంటున్నారా?"

"లేదక్కా."

"తమ్ముడూ, కాలు తాకి చూడరా. స్పర్శ తెలుస్తోందేమో అడుగు. నేను లైన్లోనే ఉంటా."

ఫోను భుజానికీ చెవికీ మధ్య ఇరికించి, రుమాలుతో గాయం కట్టాను. రెండో బూటు కూడా విప్పాను. గాయం లేని ఆ పాదం ఒళ్ళో పెట్టుకున్నాను. నన్ను ఇన్నేళ్ళు తిట్టి పని నేర్పిన మనిషి పాదం అది.

"బావా, కళ్ళు మూసుకో. గోరుతో నొక్కుతాను. తెలియగానే చెప్పు."

"చిన్నపిల్లల ఆటా ఇది?" అన్నాడు గాని కళ్ళు మూసుకున్నాడు. అలవాటు కొద్దీ, "మాట్లాడకు" అన్నాడు.

బొటనవేలి కింద గోరు దించాను. గట్టిగా, చర్మం తెల్లబడేదాకా నొక్కాను. ఆయన ముఖంలో రేకు పట్టు కోసం చూసేటప్పటి శ్రద్ధే ఉంది. ఊపిరి కూడా బిగబట్టాడు. ఫోనులో అక్క కూడా ఊపిరి బిగబట్టినట్టే ఉంది.

"ఊఁ, కానీరా" అన్నాడు బావ. "ఎంతసేపు? నొక్కు."